అభయారణ్యములలో అభయ మెవరికి?

'అభయారణ్యము' అను మాటలోనే దాని ప్రయోజనము చెప్పబడి యున్నది. భయము లేని అడవి అని దాని అర్థము. భయము లేకుండవలసిన దెవరికి? అందు నివసించు జంతువులకు, పక్షులకు. కాని నేడు పత్రికలలోను, రోడ్ల ప్రక్కలను కనబడు ప్రకటనలను చదివినచో, ఇవి మన సెలవుదినముల కొరకు ఏర్పడిన వినోదస్థలములేమో యని తోచును. పులిని చూడవచ్చును, వేల పక్షులను ఒక్కచోట చూడవచ్చును, పడవ షికారు కలదు — ఇట్టివే ఆ ప్రకటనలలోని ముఖ్యాంశములు. ఆ ప్రాణి అచ్చటనే ఏల యున్నది, ఏమి తిని బ్రదుకుచున్నది, మన రాకవలన దానికి కలుగున దేమి అను ప్రశ్నలకు వానిలో చోటు తక్కువ.

సందర్శకులు అభయారణ్యములకు పోరాదని నా వాదము కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము 28వ సెక్షనులో, అభయారణ్యములోనికి అనుమతిపై ప్రవేశింపదగిన కారణములను చెప్పుచు, పరిశోధనతోను, ఫొటోలు తీయుటతోను పాటు పర్యటనను గూడ పేర్కొన్నది. నా ఆక్షేపణ మనము చూచు పద్ధతిని గురించియే. కంటికి ఎంత కనబడినదో దానిని బట్టి అభయారణ్యమునకు విలువ కట్టుచున్నాము. ఈ కొలమానము తప్పు. దీనివలన సందర్శకుడును నష్టపడుచున్నాడు, ప్రాణియు నష్టపడుచున్నది.

నేలపట్టులో ఒక ఉదయము

ఇతరులను విమర్శించుటకు ముందు నా తప్పును చెప్పుట న్యాయము. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక జనవరి నెలలో మా కళాశాల విద్యార్థులను వెంటబెట్టుకొని నేలపట్టు పక్షుల రక్షణ కేంద్రమునకు వెళ్లితిని. ఇది నేడు తిరుపతి జిల్లాలో, సూళ్ళూరుపేటకు ఉత్తరముగా ఉన్నది. దీని వైశాల్యము సుమారు 459 హెక్టార్లు. చెరువు నీటిలో నిలిచి పెరుగు బారింగ్టోనియా జాతి చెట్లపై గూడబాతులు, అనగా పెలికాన్ పక్షులు, వందల కొలది గూళ్లు కట్టుకొనును. వానితోపాటు నీటికాకులు, పలురకముల కొంగలు గూడ పిల్లలను పెంచుకొనును.

మేము వెళ్లిన వేళకు పక్షులన్నియు గూళ్లమీద కదలక కూర్చుండి యున్నవి. ఫొటో తీయుటకు అవి ఎగిరిన బాగుండునని ఒక విద్యార్థి గట్టిగా చప్పట్లు కొట్టెను. మరి నలుగురు అతనితో కలిసిరి. కొన్ని చెట్లమీది పక్షులు ఒక్కసారిగా లేచినవి. ఆ దృశ్యము చూడముచ్చటగా ఉండెను. నేను వారించలేదు సరికదా, నేను గూడ సంతోషముతో చూచుచు నిలుచుంటిని. అంతలో రెండు కాకులు వచ్చి ఒక గూటిపై వాలినవి. అవి ఏమి తీసికొని పోయినవో నాకు కనబడలేదు.

తిరుగు ప్రయాణములో ఒక అమ్మాయి నన్ను అడిగినది: "సార్, గూటిలో పిల్లలున్నప్పుడు పెద్దవి ఎగిరిపోతే వాటిని ఎవరు చూస్తారు?" తరగతిలో ప్రత్యుత్పత్తిని గురించి గంటలకొలది చెప్పిన నాకు వెంటనే నోట మాట రాలేదు.

గూడు విడిచిన కొన్ని నిమిషములలో

ఆ ప్రశ్నకు జవాబు ఇది. గూడబాతు సాధారణముగా మూడు లేక నాలుగు గుడ్లు పెట్టును. అవి పొదుగబడుటకు ఇంచుమించు ఒక నెల పట్టును. పిల్లలు పుట్టినప్పుడు వాని శరీరముపై ఈకలుండవు. తమ శరీరోష్ణతను తామే కాపాడుకొను శక్తి వానికి మొదట ఉండదు. కావున తల్లిదండ్రులు గూటిపై కూర్చుండుట చలికి వెచ్చదన మిచ్చుటకు మాత్రమే కాదు, ఎండకు నీడ నిచ్చుటకు గూడ. గుడ్డులోని పిండము కొంతసేపు చల్లదనమును ఓర్చుకొన గలదు గాని, పొదుగు ఉష్ణోగ్రతను మించిన వేడిని కొంచెమైనను ఓర్చుకొనలేదు. చెట్టు కొన మీద ఎండకు విడువబడిన గుడ్డునకు గల ప్రమాద మిదియే.

రెండవ ప్రమాదము కాకులు, గ్రద్దలు. గుంపుగా గూళ్లు కట్టు పక్షులకు గుంపే రక్షణ. పెద్దపక్షులన్నియు ఒకేసారి లేచినప్పుడు ఆ రక్షణ తొలగిపోవును. మనము 'కదలక కూర్చున్నవి, చూచుట కేమున్నది' అనుకొను పక్షి, నిజమునకు తన సంవత్సరపు పనిలో అతి ముఖ్యమైన దానిని చేయుచున్నది. అది ఎగిరినప్పుడు మన ఫొటో బాగుపడును. దాని పని చెడును.

టిక్కెట్టు లేని దృశ్యము

నేలపట్టులో నిజముగా చూడదగినది మరొకటి కలదు. అది ఒక చూపులో కనబడదు. గూడబాతులు గూళ్లు కట్టునది చెరువులోని చెట్లపై. కాని వాని ఆహారములో మంచి భాగము పులికాటు సరస్సునుండియు, చుట్టుప్రక్కల నీటివనరులనుండియు వచ్చును. పక్షి అక్కడ చేపను పట్టి, ఇక్కడ పిల్లలకు పెట్టును. రెట్ట చెరువు నీటిలో పడును. ఆ రెట్టలో నత్రజని, భాస్వరము అధికముగా నుండును. ఆ నీటిని గ్రామస్థులు తమ పొలములకు పారించుకొందురు. అనగా, సరస్సులోని చేప పక్షి రెక్కలమీద ప్రయాణముచేసి వరిచేనునకు ఎరువగుచున్నది. పక్షులను గ్రామస్థులు ఆదరించుటకు గల కారణములలో ఇదియు నొకటి. తమిళనాడులోని వేడంతాంగళ్ గ్రామములో గూడ రైతులు ఇదే కారణమున పక్షులను తరతరములుగా కాపాడుచు వచ్చిరి.

ఈ చక్రములో ఏ ఆకు విరిగినను బండి నిలిచిపోవును. ఈశాన్య ఋతుపవనము విఫలమై చెరువు ఎండినచో గూళ్లు తగ్గును. పులికాటును సముద్రముతో కలుపు ముఖద్వారములు ఇసుకతో పూడినచో చేపలు తగ్గును. చెట్లు పోయినచో పక్షియే పోవును. 1946లో నీలకంఠన్ గారు కొల్లేటి ప్రాంతమున ఆరేడు అను చోట కనుగొనిన పెద్ద గూడబాతుల స్థావరము తరువాతి దశాబ్దములలో అంతరించినది. నేడు కొల్లేటి అంచున ఆటపాకలో పడవనెక్కి గూడబాతులను చూచు సందర్శకునకు, వానిలో కొన్ని మనుష్యులు నిలిపిన ఇనుప మంచెలపై గూళ్లు కట్టుకొనుట కనబడును. ఆ మంచెలను పెట్టిన వారిని మెచ్చుకొనవలసినదే. కాని చెట్టు ఉండవలసిన చోట ఇనుము ఏల నిలుపవలసి వచ్చినదని ఎందరు సందర్శకులు అడుగుదురు?

సూళ్ళూరుపేట కేంద్రముగా 2001లో మొదలైన ఫ్లెమింగో పండుగను గురించి గూడ ఈ మాటయే చెప్పవలెను. ఆ పండుగ వలననే మన ప్రజలలో చాలమందికి రాజహంస యని మనము పిలుచు ఫ్లెమింగో పేరు తెలిసినది, అది మేలే. కాని వేదికలమీది ఆటపాటలకు చేరు జనసమూహమునకు, ఆ పక్షి తలను తలక్రిందులుగా నీటిలో ముంచి, ముక్కులోని జల్లెడవంటి అమరికతో సూక్ష్మజీవులను వడగట్టి తినుననియు, దాని గులాబిరంగు ఆ ఆహారమునుండియే వచ్చుననియు, లోతులేని ఉప్పునీరు లేనిదే దానికి బ్రదుకు లేదనియు తెలిసినప్పుడే అది పక్షుల పండుగ యనిపించుకొనును.

"పులి కనబడినదా?"

పెద్ద అడవులలో ఈ దోషము ఇంకను స్పష్టము. అభయారణ్యమునుండి తిరిగి వచ్చినవారిని మన మడుగు మొదటి ప్రశ్న ఇదియే. లేదన్నచో డబ్బు వృథా యైనదని జాలిపడుదుము. ఈ ప్రశ్నకు జవాబు చెప్పుటకే జీపులు ఒకదానివెంట నొకటి పరుగెత్తి పులిని చుట్టుముట్టును.

దీనివలన పులికి కలుగునదేమి? హైదరాబాదులోని సి.సి.ఎం.బి.కి చెందిన లాకోన్స్ ప్రయోగశాల శాస్త్రజ్ఞులు బాంధవ్‌గఢ్, కాన్హా అడవులలో పులుల మలమును సేకరించి, అందు ఆందోళనను సూచించు హార్మోనుల అవశేషములను కొలిచిరి. 2019లో ప్రకటించిన వారి ఫలితముల ప్రకారము, సందర్శకులు వచ్చు కాలములో ఆ అవశేషములు హెచ్చుగా ఉన్నవి. వాహనముల సంఖ్యతో వానికి సంబంధమును కనబడినది. ఇట్టి ఆందోళన దీర్ఘకాలము సాగినచో జంతువుల ప్రత్యుత్పత్తికి హాని కలుగవచ్చును.

సందర్శకుల రద్దీ అడవి ఆరోగ్యమునకు గుర్తు కాదనుటకు రాజస్థానములోని సరిస్కాయే సాక్ష్యము. అది పేరుపొందిన పర్యాటకస్థలము. అయినను వేటగాండ్ర వలన అచ్చటి పులులన్నియు నశించినవని 2005లో తేలినది. 2008లో రణథంభోర్‌నుండి పులులను తెచ్చి అచ్చట విడువవలసి వచ్చినది. 2012 జూలైలో సుప్రీంకోర్టు పులుల రక్షిత ప్రాంతముల కేంద్రభాగములలో పర్యటనను తాత్కాలికముగా నిలిపివేసినది. కేంద్రభాగములో ఇరువది శాతమునకు మించి పర్యటనకు వినియోగింపరాదను మార్గదర్శక సూత్రములు ఏర్పడిన తరువాత, అక్టోబరులో ఆ నిషేధమును తొలగించినది.

ఆకర్షణయే విలువకు కొలత యైనచో, ఆకర్షణ లేని నేలకు దిక్కెవరు? నేటి నంద్యాల జిల్లాలోని రోళ్లపాడు గడ్డిమైదానమును 1988లో బట్టమేక పిట్ట కొరకు అభయారణ్యముగా ప్రకటించిరి. గడ్డినేలను చూచుటకు ఎవరు పోదురు? దానిని బంజరనుట మనకు అలవాటు. ఆ పక్షి నేడు రోళ్లపాడులో కనుమరుగైనది. దేశము మొత్తముమీద మిగిలినవి నూటయేబదికి మించవని అంచనా.

ఎదుటి వాదము

సందర్శకులు రాకపోయినచో అడవిని పట్టించుకొనువా రుండరని కొందరు చెప్పుదురు. ఇందులో సత్యము లేకపోలేదు. నలుగురు తిరుగు బాటలో వేటగాడు సంకోచించును. వచ్చిన డబ్బు గ్రామస్థులకు చేరినచో వారికి అడవిపై మమకారము పెరుగును. చూడనిదానిని ప్రేమించుట గూడ కష్టమే. నేలపట్టును చూడకున్నచో నేనీ వ్యాసమును వ్రాసియుండను. అయితే ఈ ప్రయోజనములన్నియు సందర్శకుని ప్రవర్తనపై ఆధారపడినవి. చప్పట్లు కొట్టు వేయిమందికంటె మౌనముగా కూర్చుండు పదిమంది అభయారణ్యమునకు మేలు చేయుదురు.

ఉపాధ్యాయులకు ఒక సూచన

కావున విద్యార్థులను విజ్ఞానయాత్రకు తీసికొనిపోవు ఉపాధ్యాయులు, ఏమి కనబడునని గాక, ఏమి అడుగవలెనని ముందుగా తరగతిలో నిర్ణయించుట మంచిది. చెరువు నీరు ఎక్కడిది? ఒక గూటికి పెద్దపక్షి గంటలో ఎన్నిసార్లు వచ్చినది? ఏ వైపునుండి వచ్చినది? క్రింది పొలములో ఏ పంట యున్నది? ఒక గడియారము, ఒక నోటుపుస్తకము, వీలైనచో ఒక దుర్భిణి ఇందుకు చాలును. రంగుబట్టలు, కేకలు, గూళ్లకు చేరువగా పోవుట కూడదు. జిల్లాలు దాటి పోలేని పాఠశాలలకు ఊరి చెరువుకట్టమీది చింతచెట్టుపై కొంగల గూళ్లున్నను ఇదే పాఠము చెప్పవచ్చును.

మరుసటి సంవత్సరము మేము మరల నేలపట్టునకు వెళ్లితిమి. ఈసారి ఒక్కొక్క జట్టునకు ఒక్కొక్క గూటిని అప్పగించి, గంటసేపు మాట్లాడక చూచి వ్రాయుమంటిని. మొదట పిల్లలు విసుగుకొనిరి. తరువాత ఒక గూడబాతు వచ్చి వాలగా, పిల్లపక్షి తన తలను తల్లి సంచిలోనికి మెడవరకు దూర్చి చేపను తిన్నది. ఎవరును చప్పట్లు కొట్టలేదు. ఫొటోలో ఆ తల కనబడలేదు గాని, ముప్పది నోటుపుస్తకములలో ఆ క్షణము వ్రాయబడినది.