పట్నానికి దగ్గర, పుస్తకానికి దూరం

తెలుగు సాహిత్యంలో ముస్లిం ఎక్కడ కనిపిస్తాడు? పాతబస్తీలో కనిపిస్తాడు. ఇరానీ హోటల్లో, చార్మినార్ గల్లీల్లో, కర్ఫ్యూ పెట్టిన వీధిలో కనిపిస్తాడు. తెలంగాణ పోరాటం మీద రాసిన కథల్లో రజాకారుగానో, అమీనుగానో, తాలూక్‌దారుగానో కనిపిస్తాడు. మరి పల్లెటూళ్ళో? పీర్ల పండుగ నాడు కనిపిస్తాడు. పీర్లను గుండంలో తొక్కించినంత సేపు ఉండి, ఆ కథ అయిపోగానే మాయమవుతాడు. మిగిలిన మూడు వందల యాభై రోజులు ఆ సాయిబు ఏం తింటాడు, ఎవరి పొలానికి పోతాడు, ఆయన బిడ్డ ఏ బడికి పోతుంది, చనిపోతే ఎక్కడ బొంద పెడతారు అన్న ప్రశ్నలు మన కథకులకు పెద్దగా రాలేదు. విమర్శకులకు అసలే రాలేదు.

ఈ లోటును లెక్కలతోనే చూపించవచ్చు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇప్పటి తెలంగాణ ప్రాంతంలో ముస్లింలు సుమారు 44 లక్షలు. అందులో హైదరాబాద్ జిల్లాలో ఉన్నది 17 లక్షల చిల్లర. అంటే ప్రతి ఐదుగురిలో ముగ్గురు ఆ జిల్లా బయటే ఉన్నారు. వాళ్ళలో కొందరు నగరం పెరిగి మింగిన శివార్లలో ఉండొచ్చు. అయినా మిగిలినవాళ్ళు కొద్దిమంది కాదు. ఇంతమంది బతుకును పక్కనబెట్టి పాతబస్తీ ఒక్కటే ముస్లిం సమాజమని అనుకునే విమర్శను మేం ఎట్లా ఒప్పుకోవాలి?

మేం మాట్లాడుతున్నది ఎక్కడో అడవుల్లోని ఊళ్ళ గురించి కాదు. హైదరాబాద్‌కు ఉత్తరాన మేడ్చల్, శామీర్‌పేట చుట్టూ ఉన్న పల్లెల గురించి. మేడ్చల్ మీదుగా నాగపూర్ రోడ్డు పోతుంది, రైలు పోతుంది. శామీర్‌పేట మీదుగా కరీంనగర్ రోడ్డు పోతుంది. 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు ఈ రెండింటినీ తాకుతూ పోతుంది. 2023లో ఎం.ఎం.టి.ఎస్. రైలు కూడా మేడ్చల్ దాకా వచ్చింది. ఇవి మారుమూల పల్లెలా అని ఎవరైనా నవ్వొచ్చు. మారుమూల అన్నమాటను కిలోమీటర్లతో కొలిచేవాళ్ళు అట్లాగే నవ్వుతారు. భూమికి దూరంగా, దస్తావేజుకు దూరంగా, బడికి దూరంగా, చివరికి కథకూ దూరంగా ఉన్నవాడిది మారుమూల బతుకు కాదా? ఇంటి ముందు నుంచి రోడ్డు పోయినంత మాత్రాన ఆ రోడ్డు మనల్ని ఎక్కించుకుపోతుందా?

"మీరు రాజ్యమేలినోళ్ళు గదా" అని మమ్మల్ని దెప్పిపొడిచే మాట ఒకటుంది. ఈ మాటకు మేడ్చలే జవాబు. నిజాం కాలంలో మేడ్చల్ అత్రాఫ్-ఎ-బల్దా జిల్లాలోని తాలూకా. అత్రాఫ్-ఎ-బల్దా అంటే నగరం చుట్టుపక్కల అనే అర్థం. అది రాజు సొంత ఖర్చులకు కేటాయించిన సర్ఫ్-ఎ-ఖాస్ ఇలాఖా. 1949లో సర్ఫ్-ఎ-ఖాస్ ప్రభుత్వంలో కలిసింది, జాగీర్లు రద్దయినాయి. అప్పటిదాకా సాక్షాత్తూ రాజు సొంత భూముల మధ్య బతికిన దూదేకుల సాయిబుకు, ఫకీరుకు, కూలి సాయిబుకు ఏం మిగిలింది? పేరులో షేకో సయ్యదో ఉన్నంత మాత్రాన పట్టా పుట్టలేదు. నవాబు కథను మా కథగా చదివే అలవాటు విమర్శకులు మానుకోవాలి. నెల్లూరి కేశవస్వామి చార్మినార్ కథలు నగరంలోని ముస్లిం సమాజాన్ని ఎంతో ఆత్మీయంగా చూపించాయి. వాటిని మేమూ ఇష్టంగా చదివాం. కానీ అది మా ఊరు కాదు, మా గుడిసె కాదు.

ఇంకో విచిత్రం చూడండి. తెలంగాణ పల్లె భూమి గురించి మాట్లాడాలంటే ఇవాళ్టికీ మా ఇంటి మాటలే కావాలి. తరీ, ఖుష్కీ, ఇనాం, రకబా, జమాబందీ, సేత్వార్, ఖాస్రా. 1954-55 నాటి ఖాస్రా పహాణీ నకలు లేకుండా ఈనాటికీ భూమి తగాదా తెగదు. ఊరి లెక్కల నిండా ఉర్దూ మాటలున్నాయి. ఆ మాటలు పలికే సాయిబు పేరు మాత్రం పట్టాదారు గడిలో అరుదుగా కనిపిస్తుంది. తెలంగాణ భాష మీద పుస్తకాలు రాసినవాళ్ళు ఈ మాటలను ఏరి పదకోశాల్లో పెట్టారు. మాటను తీసుకుని మనిషిని వదిలేసిన ఈ పద్ధతిని మాత్రం ఎవరూ ప్రశ్నించలేదు.

తెలంగాణ పల్లెను రాసిన నవలల విలువను మేం కాదనడం లేదు. గడీని, వెట్టిని, దేశ్‌ముఖ్ దాష్టీకాన్ని దాశరథి రంగాచార్య వంటివాళ్ళు కళ్ళ ముందు నిలబెట్టారు. మా ఫిర్యాదు వాటిని చదివిన తీరు మీద. దొర ఒక పక్క, ప్రజలు ఇంకో పక్క అని చెప్పిన విమర్శ, ముస్లిం అనగానే అతన్ని సర్కారు పక్కన నిలబెట్టింది. షేక్ బందగీ మాటేమిటి మరి? కామారెడ్డిగూడెం పేద రైతు ఆయన. తన భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్ అండ ఉన్నవాళ్ళ మీద కోర్టుకెక్కి, చివరికి 1940లో హత్యకు గురైనవాడు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావులు రాసిన 'మా భూమి' నాటకానికి ఆయన పోరాటమే ప్రేరణ. బందగీని అందరూ అమరుడన్నారు. ఆయన పల్లె ముస్లిం కూడా అన్న సంగతిని మాత్రం ఒక ప్రశ్నగా ఎత్తుకోలేదు. ఎత్తుకుని ఉంటే ఊళ్ళో భూమి లేని ముస్లింలు ఇంకా ఎందరున్నారన్న ప్రశ్న కూడా వచ్చి ఉండేది.

ఇక మత సామరస్యం సంగతి. పీర్ల పండుగ ఊరందరిదీ. పీర్లను ఎత్తుకునేవాళ్ళలో హిందువులే ఎక్కువున్న ఊళ్ళు మాకు తెలుసు. విందుకు మేకను కోయాలంటే ముల్లా సాయిబు వచ్చి హలాల్ చేయాలనే ఊళ్ళూ తెలుసు. ఇది నిజం, దీన్ని కాపాడుకోవాలి. కానీ కథకుడు మమ్మల్ని ఈ ఒక్క పనికే పిలుస్తున్నాడు. ఊరు కలిసి ఉందని సాక్ష్యం చెప్పే పని మాది. ఆ సాక్ష్యం చెప్పాక మాకు కూలి గిట్టిందా అని అడిగేవాడు లేడు. ఇంకో పక్క మా మతంలోనే పట్నం నుంచి వచ్చే పెద్దమనుషులు పీర్లు ఎత్తడం బిద్అత్ అంటారు. ఊరివాడికి మేం తురకలం. పట్నం సాయిబుకు సరైన తురకలం కాము. మా ఉర్దూ వింటే పట్నంలో నవ్వుతారు. మా తెలుగు వింటే "అరె, తెలుగు బాగ మాట్లాడుతరే" అని ఆశ్చర్యపోతారు. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ, బడిలో రాసింది తెలుగు. మేం కథ రాయాల్సింది ఏ భాషలో? తెలుగులోనే రాస్తాం. ఆశ్చర్యపోవడం మానేసి చదవండి.

మా సొంత సాహిత్యాన్ని కూడా మేం విమర్శకు పెట్టాలి. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ', 1998లో 'జల్‌జలా', 2004లో 'వతన్' మాకు గొంతునిచ్చాయి. ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు', వేంపల్లె షరీఫ్ 'జుమ్మా' చిన్న ఊళ్ళ, పల్లెల ముస్లిం ఇళ్ళ తలుపులు తెరిచాయి. అయితే 1992 డిసెంబరు 6 తర్వాత మా మీద పడ్డ దాడికి జవాబు చెప్పడంలోనే మా శక్తి చాలా వరకు ఖర్చయింది. అది తప్పు కాదు, తప్పనిసరి. కానీ దేశభక్తిని రుజువు చేసుకునే బాధ గురించి రాసినంతగా, తోట కౌలుకు తీసుకుని మామిడి పూత రాలితే అప్పులపాలయ్యే సాయిబు గురించి మేం రాయలేదు. కలాయి పోసేవాళ్ళు, గాజులమ్మేవాళ్ళు, మేకల బేరగాళ్ళు, సైకిల్ పంక్చర్లు వేసేవాళ్ళు, గోదాముల హమాలీలు, బురఖా లేకుండానే నాట్లకు పోయే మా అక్కలు మా పుస్తకాల్లోనూ తక్కువే.

2007లో ప్రభుత్వం బి.సి. 'ఇ' కింద 14 ముస్లిం సమూహాలను గుర్తించి 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. ఆ జాబితాలో అచ్చుకట్లవాళ్ళున్నారు, అత్తరు సాయిబులున్నారు, ఫకీర్లున్నారు, గారడీ సాయిబులున్నారు, గుడ్డి ఎలుగువాళ్ళున్నారు. దూదేకులవాళ్ళు అంతకుముందే బి.సి. 'బి'లో ఉన్నారు. ముస్లింలంతా ఒకటే ముద్ద కాదని, వృత్తులున్నాయని, హెచ్చుతగ్గులున్నాయని సర్కారు కాగితం ఒప్పుకుంది. తెలుగు విమర్శ ఇంకా ఒప్పుకోలేదు. అష్రాఫులమని చెప్పుకునే మా పెద్దలూ మనస్ఫూర్తిగా ఒప్పుకోలేదు.

ఇప్పుడీ పల్లెల్లో ఏం జరుగుతున్నదో చూడండి. శామీర్‌పేట దగ్గర తుర్కపల్లి ఉంది. ఊరి పేరులోనే తుర్క ఉంది. 1999లో మొదలైన జీనోమ్ వ్యాలీ ఆ చుట్టుపక్కలే పెరిగింది. కరోనా టీకా కొవాగ్జిన్‌ను తయారుచేసిన కంపెనీ ఉన్నదీ అక్కడే. ప్రపంచానికి ఆ ఊరు తెలిసింది. భూమి ఉన్నవాడు అమ్ముకున్నాడు, కొందరు బాగుపడ్డారు, కొందరు కారు కొని భూమి పోగొట్టుకున్నారు. అమ్ముకోవడానికి భూమే లేనివాడికి ధర పెరిగితే ఏమిటి? కౌలుకు దొరికే తోట ప్లాట్లయింది. మేకలు మేసే బంజరుకు ప్రహరీ లేచింది. ఇంటి కిరాయి పెరిగింది.

2020 అక్టోబరు 29న ధరణి పోర్టల్‌ను అప్పటి ముఖ్యమంత్రి ప్రారంభించింది ఇక్కడే, ఒకప్పటి శామీర్‌పేట మండలంలోని మూడుచింతలపల్లిలో. 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. పోర్టల్ పేరు ఏదైనా అందులో ఎక్కాలంటే ముందు కాగితం కావాలి. పల్లెల్లో మా ఖబ్రస్తాన్‌కు, పీర్ల చావిడికి చాలాచోట్ల ఉన్న కాగితం ఊరి జ్ఞాపకమే. "మా తాత కాలం నుంచి ఇక్కడే బొంద పెడుతున్నరు" అన్న ముసలివాళ్ళ మాటే. 2025లో వచ్చిన వక్ఫ్ సవరణ చట్టం, తరతరాల వాడుక వల్లనే ఒక స్థలం వక్ఫ్ అవుతుందన్న సూత్రాన్ని ఇకముందుకు తీసేసింది. అప్పటికే రిజిస్టరై, వివాదం లేనివాటికే మినహాయింపు. ఎకరం కోట్లు పలికే చోట సమాధుల మధ్య ఖాళీ జాగా ఎవరి కంట పడదు?

అందుకే మేం సాహిత్యం గురించి ఇంత పట్టుగా మాట్లాడుతున్నాం. కథ కోర్టులో దస్తావేజు కాదని మాకు తెలుసు. కానీ ఊళ్ళో ఎవరెవరు బతికారో, ఎవరు ఏ పని చేశారో, ఎవరిని ఎక్కడ పూడ్చారో ముందు తరానికి చెప్పేది కథే. సర్కారు రికార్డుల్లో మేం లేం. కథలోనూ లేకపోతే రేపు ప్రహరీ కట్టేవాడు "ఇక్కడ సాయిబులెప్పుడున్నరు?" అని అడిగితే ఊళ్ళో జవాబు చెప్పేవాళ్ళుండరు.

కాబట్టి మా కోరిక ఇది. పల్లె కథల సంకలనం వేసే సంపాదకులు, ఆ పల్లెలో పండుగ లేని రోజున ముస్లిం ఏం చేస్తున్నాడో ఒకసారి వెతకండి. విమర్శకులు, రైతు అనే మాట వెనుక కౌలుదారు సాయిబును, కూలి సాయిబును కూడా లెక్కపెట్టండి. ఇక మా పిల్లలకు మేం చెప్పేదొకటే. ముసలివాళ్ళు ఉండగానే ఊరికి పోయి కూర్చోండి. ఎవరి తోట ఎవరు కౌలుకు చేశారో, ఏ చెట్టు కింద ఎవరి బొంద ఉందో పేర్లతో సహా అడిగి రాసుకోండి. మీకు వచ్చిన తెలుగులోనే రాయండి.