ఓలి, కన్యాశుల్కం ఒకటేనా?

'కన్యాశుల్కం' నాటకం గురించి చెప్పేటప్పుడు "మీ ఓలి కూడా ఇదే కదా" అని తోటి ఉపాధ్యాయులు మమ్మల్ని అడుగుతుంటారు. జవాబు గురజాడ 1897 ముందుమాటలోనే ఉంది. అప్పటి విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన 1,034 శుల్క వివాహాల జాబితాను ఆయన అందులో ప్రస్తావించాడు. వాటిలో అయిదేళ్ల పిల్లలు 99 మంది, ఏడాది పిల్లలు ముగ్గురు. అది పసిపిల్లల మీద పెద్దలు ఆడిన బేరం. నాటకంలో సుబ్బి ఇష్టం ఎవరికి కావాలి?

మన మన్యంలో ఓలి ఊరి పెద్దల ముందు కుదిరే ఒప్పందం. సాధారణంగా ఈడొచ్చిన పిల్లకే పెళ్లి. పొసగకపోతే విడిపోయి మారుమనువు చేసుకోవచ్చు. కొత్త భర్త పాత భర్తకు ఓలి తిరిగి కడతాడు. వితంతువు బుచ్చమ్మకు మూసేసిన దారి మన ఆడపిల్లకు తెరిచే ఉంది.

అలాగని ఓలిని నెత్తిన పెట్టుకోలేం. ఆ సొమ్ము పుట్టింటివాళ్లకే గాని పిల్ల చేతికి రాదు. విడిపోదామంటే ముందు ఆ బాకీ లెక్కే ఎదురొస్తుంది. పైగా విశాఖలో పోర్టు, స్టీల్‌ప్లాంటు పనులకు దిగిన మన కుర్రాళ్లు కొందరు ఇప్పుడు బండి, బంగారం అడుగుతున్నారు. కట్నం ఒప్పందం చెల్లదని 1961 చట్టమే చెబుతోంది.

కాబట్టి తరగతిలో ఒక్క ప్రశ్న వేద్దాం: మాట ఖాయం చేసుకున్నప్పుడు ఆ పిల్ల అక్కడ కూర్చుందా? నోరు విప్పిందా?