పగటి పూట విస్తరి

గుమ్మిడిపూండిలో బయట భోంచేస్తే మధ్యాహ్నమే చేయాలంటాను నేను. పొద్దుగూకితే సిప్‌కాట్ పారిశ్రామికవాడలో షిఫ్టు దిగినవాళ్ళు, హైవే మీద లారీలు ఆపుకున్న డ్రైవర్లు సర్కారు మద్యం అమ్మే టాస్మాక్ దుకాణాల వైపు నడుస్తారు. చుట్టుపక్కల పొయ్యిలన్నీ వాళ్ళకోసమే వెలుగుతాయి. వాటి మీద ఉడికేదంతా సైడ్ డిష్షే. ఉప్పూ కారమూ మిరియాల పొడీ ఎంత దట్టిస్తారంటే, నోట్లో పడింది కోడో గుడ్డో తెలియదు. వండేవాళ్ళను తప్పుపట్టను. గ్లాసు కోసం వండే వంట అలాగే తయారవుతుంది. 2003 నుంచి తమిళనాడులో చిల్లర మద్యం అమ్మకం మొత్తం సర్కారుదే. సీసా అమ్మే సర్కారుకు పక్కన అన్నం సంగతి పట్టలేదు.

తాగేచోట తిండి బాగుండకూడదనేమీ లేదు. ఐర్లాండ్ పల్లెల్లో ఒకప్పుడు పబ్బే కిరాణా కొట్టు కూడా. ఒకే కప్పు కింద టీ పొడీ పంచదారా ఒకపక్క, బీరు ఇంకోపక్క. ఆ పబ్బులే మెల్లగా వంట నేర్చుకున్నాయి. ఇప్పుడు గొర్రెమాంసం, బంగాళదుంపలు వేసి ఉడికించిన స్టూ తినడానికి పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్తారు. న్యూయార్క్‌లో వుడ్‌సైడ్ ఐరిష్ పబ్బులకు పేరుమోసిన పేట. ఫిలిప్పీన్స్ నుంచి, థాయ్‌లాండ్ నుంచి బతకడానికి వచ్చినవాళ్ళు అక్కడే హోటళ్ళు పెట్టారు. ఇవాళ ఆ వంటల కోసమే దూరం నుంచి వచ్చేవాళ్ళున్నారు.

వంట కోసమే జనం వెతుక్కుంటూ వచ్చే ఆ యోగ్యత మన ఊరికీ ఉంది. 1960 ఏప్రిల్ 1న సత్యవేడు వైపు గ్రామాలు ఆంధ్రకు, తిరుత్తణి మద్రాసుకు మారాయి. సరిహద్దు గీత జరిగింది గానీ వంటిళ్ళు జరగలేదు. అందుకే ఇక్కడి మెస్సులో ఒకే విస్తరిలో కూటు, పొరియల్ పక్కన ముద్దపప్పు, గోంగూర పచ్చడి వచ్చి కూర్చుంటాయి. పులికాట్ రొయ్యలు వచ్చిన రోజు వేపుడు, లేని రోజు చేపల పులుసు. నెల్లూరు పద్ధతిలో మామిడికాయ ముక్కలు వేసి, దించాక చాలాసేపు కదపకుండా వదిలేసిన పులుసు. ముక్కకు పులుపు పట్టాలంటే ఆ ఓపిక ఉండాల్సిందే. రాత్రి అంగళ్ళలో లేనిది సరిగ్గా ఆ ఓపికే. విస్తరి ముందు కూర్చున్నవాడికి రసం ఎప్పుడు, మజ్జిగ ఎప్పుడు అన్నది వడ్డించే మనిషి ముఖం చూసి కనిపెడతాడు. అడగకముందే అన్నం గరిటె వంగుతుంది. ఫిట్టరైనా, ఒడిశా నుంచి వచ్చిన కూలీ అయినా అక్కడ మర్యాద ఒక్కటే.

బాధేమిటంటే, ఆ మెస్సుల్లో చాలావరకు మూడింటికే తలుపులు వేస్తాయి. రాత్రి కూడా తెరవమని యజమానులను అడుగుతూనే ఉన్నాను. గిరాకీ ఉండదంటారు. రెండో షిఫ్టు దిగి వచ్చే ఆడపిల్లలను చూపిస్తాను. టాస్మాక్ పక్కన కూర్చోలేక బిస్కెట్ ప్యాకెట్ కొనుక్కుని హాస్టల్‌కు పోతున్నారు వాళ్ళు. వాళ్ళకోసం ఒక్క మెస్సు రాత్రి పదకొండు దాకా పొయ్యి ఆర్పకుండా ఉంచినా, సాయంత్రం కూడా ఇక్కడ తినవచ్చని నేనే అందరికీ చెబుతాను.