'గాలివాన'లో శిశురూపకము

పశ్చిమగోదావరి తిరుపతిపురమున జన్మించిన పాలగుమ్మి పద్మరాజుగారి 'గాలివాన' 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథానికల పోటీలో ద్వితీయ బహుమతి నందినది. అందు తుపాను వర్గభేదమును రూపుమాపినదని చెప్పుట పరిపాటి. నాకది పూర్తిగా సమ్మతము కాదు. చీకటిలో, చలిలో, బిచ్చగత్తె కౌగిలిలో రావుగారు శిశుప్రాయులగుచున్నారు. ఆమె తల్లి యగుచున్నది. ఈ రూపకమే కథకు ప్రాణము. కాని ఆ శైశవ మెవరికి లభించినది? న్యాయవాదికే. ఊరట పొందినది ఆయన, ఇచ్చినది ఆమె. గొప్పయింటి బిడ్డను సాకెడి దాదివలె. రావుగారికి పేరున్నది, ఆమెకు కడదాక లేదు. ఇది రచయిత లోపమని కొందరనవచ్చును. కథ రావుగారి దృష్టినుండి నడచుటచే ఆ యనామకత్వము కూడ ఆయన వర్గలక్షణమే యని నా తలంపు. గాలి తగ్గిన పిదప ఆమె మృతదేహమువద్ద తన పర్సును చూచియు ఆయన ఆమెను దొంగ యనలేకపోయెను. పేరుపెట్టి పిలువనును లేకపోయెను.