మాట – సందర్భం – రచయిత

ఇంట్లో బియ్యం అయిపోతే మన ఆడవాళ్ళు "లేవు" అనరు, "నిండుకున్నాయి" అంటారు. లేదనడం అశుభమని ఆ మర్యాద. దీపం కొండెక్కిందనడమూ అలాంటిదే. ఇంతవరకూ నిఘంటువు చెబుతుంది. అది చెప్పలేనిది ఆ తరవాతే మొదలవుతుంది. నెలజీతం వచ్చే ఇంట్లో ఆ మాట కిరాణా చీటీలో చేరే ఒక పద్దు. పనులు దొరకని రోజుల్లో కూలివాడి ఇంట్లో, ఈ పూట పొయ్యి వెలగదన్న కబురు. మొగుడి కూలి డబ్బులు సారాకొట్టుకు పోయే ఇంట్లో అదే మాట ఒక నిలదీత.

కాబట్టి సందర్భమంటే స్థలమూ కాలమూ మాత్రమే అనుకుంటే చాలదని నా వాదన. ఎవరు, ఎవరితో, ఏ సంబంధంలో నిలబడి మాట్లాడుతున్నారన్నది అందులో ముఖ్యభాగం. భాషాసంకేతం వర్గపోరాటానికి రంగస్థలమవుతుందని వొలోషినోవ్ 1929లోనే సిద్ధాంతీకరించాడు.

మన "దొర" అన్న మాటనే చూడండి. కోస్తాలో ఒకప్పుడు తెల్ల అధికారి దొర. మన్యంలో కొండదొరలకు అది తమ తెగ పేరు. తెలంగాణలో గడీలో కూర్చున్న భూస్వామి దొర. వెట్టిచేసే మనిషి "నీ బాంచెను దొరా" అన్నప్పుడు ఆ పిలుపులో ఉన్నది గౌరవం కాదు, భయం. 1946–51 సాయుధపోరాట కాలంలో సంఘం సభలో పలికిన "దొర" శత్రువు పేరు. అక్షరం మారలేదు, మనుషుల మధ్య సంబంధం మారింది.

ఈ సూత్రాన్ని గురజాడ ఎంత బాగా పట్టుకున్నాడో 'కన్యాశుల్కం' 1909 నాటి మలికూర్పు చూస్తే తెలుస్తుంది. ఇంగ్లీషులో మాట్లాడుకోమని వెంకమ్మ ముచ్చటపడి అడిగితే, గిరీశమూ వెంకటేశమూ పిల్లల పద్యమూ, రేఖాగణితమూ, వ్యాకరణసూత్రమూ ఒకరికొకరు అప్పజెప్పుకుంటారు. ఆ వాక్యాలకు పరస్పర సంబంధం లేదు. అయినా ఆ ఇంట్లో వాటికి అర్థం ఉంది. తల్లికది కొడుకు భవిష్యత్తు, గిరీశానికి నాలుగురోజుల భోజనం. అర్థంకాని భాషకు అధికారం ఎక్కడినుంచి వచ్చిందంటే, ఆ భాష వస్తే సర్కారు ఉద్యోగం వస్తుందన్న వలసపాలన పరిస్థితి నుంచి. మనం నవ్వేది గిరీశాన్ని చూసే అయినా, గురజాడ గురి ఆ పరిస్థితి మీద ఉంది.

ఇక మన సంగతి. మన కవిత్వంలో ఎరుపు, నెత్తురు, పిడికిలి, తూర్పు అన్న మాటలు వచ్చిపడుతున్నాయి. ఒక పోరాటంలో, ఒక చావు ముందు నిలబడి మొదట పలికినప్పుడు వాటికి బరువుంది. ఆ సందర్భాన్ని తెచ్చుకోకుండా మాటలను మాత్రమే తెచ్చుకుంటే, సభలో చప్పట్లు రావచ్చు. వెంకమ్మ కూడా ముచ్చటపడింది! కథల్లో మాండలికం సంగతీ అంతే. యాస రాసినంత మాత్రాన పాత్ర పేదదైపోదు. ఆ మనిషి ఆసామితో మాట్లాడేటప్పుడు గొంతు ఎక్కడ తగ్గుతుందో, తోటి కూలీతో మాట్లాడేటప్పుడు ఎక్కడ లేస్తుందో తెలిసినప్పుడే యాసకు ప్రాణం వస్తుంది.

విమర్శకులం కూడా పదాలను లెక్కపెట్టి కవి నిబద్ధతను కొలవడం మానుకోవాలి. "బియ్యం నిండుకున్నాయి" అన్న ఒక్క మాటను సరైన ఇంట్లో, సరైన నోట పలికించిన కథ, పది నినాదాల కథకంటే దోపిడీని స్పష్టంగా చూపిస్తుంది. కొత్తగా రాస్తున్నవాళ్ళు తమ సంభాషణలను ఈ ప్రశ్నతో ఒకసారి పరీక్షించుకుంటే మంచిది: ఈ మాట ఎవరు ఎవరితో అంటున్నారు, అన్నందుకు ఏం చెల్లించాల్సి వస్తుంది?