బడే మియాకు సలాం

లాడ్ బజార్‌లో నిలబడి "హబీబ్ భాయ్" అని పిలిస్తే ఇటు నలుగురు, అటు నలుగురు తల తిప్పుతారు. కోల్‌కతా ఫుట్‌బాల్ మైదాన్‌లో మాత్రం హబీబ్ అంటే ఒక్కరే. అది మీరే, మహమ్మద్ హబీబ్ సాబ్. పేరు పెట్టి పిలవడానికి నోరు రాక కాబోలు, అక్కడివాళ్లు మిమ్మల్ని "బడే మియా" అన్నారు. తమ్ముడు అక్బర్ ఛోటే మియా అయ్యారు. మీ గల్లీ మాటతోనే మిమ్మల్ని పిలుచుకుంది ఆ పరాయి ఊరు.

ఈ సలాం లాడ్ బజార్ నుంచే ఎందుకు చెబుతున్నానంటే, చార్మినార్ నుంచి పడమటికి సాగే ఈ బజారులో మీ బతుకు అర్థమవుతుంది. మెరిసే దుకాణాల వెనక బొగ్గుల సెగ ముందు కూర్చున్న పనివాడు లక్క ముద్దను వేడికి చూపిస్తాడు. మెత్తబడగానే సాగదీసి, బల్ల మీద దొర్లించి, గుండ్రంగా వంచి, రెండు కొసలూ అతికిస్తాడు. రాళ్లు పొదగడం వేడి ఆరేలోపే జరగాలి. ఆవగింజంత రాయి, దాని పక్కన మరొకటి, దాని పక్కన ఇంకొకటి. చల్లారితే లక్క రాయిని పట్టదు. సెగ మించితే గాజు ఆకారం పోతుంది. ఇంత పని చేసేవాణ్ని "ఇది సరేగానీ, ఉద్యోగం ఏం చేస్తుంటావు?" అని ఎవరూ అడగరు. చేసే పనే అతని కొలువు. బంతి తన్నేవాణ్ని మాత్రం మీ కాలంలో దేశమంతా ఆ మాటే అడిగింది.

అడగడంలో వింతేమీ లేదు. హైదరాబాద్ ఫుట్‌బాల్ ఖాకీ నీడలో పెరిగింది. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్పును బొంబాయి నుంచి ఎత్తుకొచ్చింది సిటీ పోలీస్ జట్టు. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ బడిపంతులుగా మొదలైన మనిషి. ఆయన శిక్షణలోనే 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత జట్టు ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డ మీదే 4-2తో ఓడించి, చివరికి నాలుగో స్థానంలో నిలిచింది. అదే ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియా వాళ్లు కోలబంతితో ఆడే తమ సొంత ఫుట్‌బాల్‌ను ప్రదర్శనగా చూపించారు. డబ్బు పుచ్చుకుని ఆడేవాణ్ని ఒలింపిక్స్ గడప తొక్కనిచ్చే రోజులు కావవి. అందుకే ఆ ప్రదర్శనలోనూ అమెచ్యూర్లే దిగారు. పాటగాడు పుచ్చుకుంటే సంభావన, ఆటగాడు పుచ్చుకుంటే అపచారం! ఈ న్యాయం నాకెప్పుడూ మింగుడుపడలేదు.

రహీం సాబ్ 1963లో పోయేనాటికి మీకు పద్నాలుగేళ్లయినా నిండలేదు. మూడేళ్లు తిరిగేసరికి మీరు ఈస్ట్ బెంగాల్ ఎరుపు-పసుపు చొక్కా తొడిగారు. ఆ రోజుల్లో పేరున్న ఆటగాడికి బ్యాంకో, రైల్వేనో ఒక కుర్చీ వేసేది. పొద్దున రిజిస్టరులో సంతకం, సాయంత్రం ఆట. మోకాలు పోయినా జీతం పోదు. ఇంట్లోవాళ్లకు నిశ్చింత, పిల్లనిచ్చేవాళ్లకు ధైర్యం. మీరు ఆ కుర్చీ వద్దన్నారు. ఆటే నా కొలువన్నారు. ఈ దేశపు మొదటి అసలు సిసలు ప్రొఫెషనల్ ఫుట్‌బాలర్ అన్న పేరు మీకు ఊరికే రాలేదు. ఒక్క తప్పుడు అడుగు, ఒక్క తెగిన నరం చాలు, మరుసటి ఏడు పొయ్యి ఎలా వెలుగుతుందో తెలియదు. ఆ భయాన్ని బూట్లలో పెట్టుకుని ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ మూడింటికీ ఆడారు. ఏ చొక్కా తొడిగితే ఆ చొక్కాకే చెమట పోశారు.

సలాం మీ కాళ్లకు. ఫార్వర్డ్ అయి ఉండీ, పోగొట్టుకున్న బంతి కోసం సొంత గోల్ దాకా వెనక్కి పరుగెత్తిన కాళ్లకు. సలాం మీ ఆకలికి. 1969లో సంతోష్ ట్రోఫీ ఫైనల్లో బెంగాల్ తరఫున సర్వీసెస్ మీద ఒక్కరే ఐదు గోల్స్ కొట్టిన ఆకలికి. సలాం 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల కాంస్యానికి. ఆ జట్టు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్‌దీ మన ఊరే.

ఇక 1977 సెప్టెంబర్ 24. ఈడెన్ గార్డెన్స్ నేల వానకు నాని బురదయింది. మీ మోహన్ బగాన్‌తో ఆడటానికి న్యూయార్క్ కాస్మోస్ చొక్కాలో పీలే వచ్చాడు. మరో వారానికి ఆటకే వీడ్కోలు చెప్పబోతున్న పీలే! అతని వెనక 1970 ప్రపంచ కప్పు ఎత్తిన కెప్టెన్ కార్లోస్ అల్బర్టో. కోల్‌కతా సగం దేవుణ్ని చూడటానికి వచ్చినట్టే వచ్చింది. మొదటి గోల్ అల్బర్టోదే. శ్యామ్ థాపా సమం చేశాడు. ఆ తర్వాత గోల్ మీది. మోహన్ బగాన్ 2, కాస్మోస్ 1. దర్శనానికి వచ్చిన జనం నిమిషంలో పక్షం మార్చేశారు! చివర్లో కాస్మోస్‌కు పెనాల్టీ వచ్చింది, కినాలియా కొట్టాడు, 2-2. ఆ పెనాల్టీ న్యాయమా అన్యాయమా అని బెంగాలీలు ఇప్పటికీ తగువు పడతారు. నన్నడిగితే తగువు అక్కర్లేదు. నెల జీతం వద్దనుకున్న మనిషి పీలే ఎదురుగా గోల్ కొట్టాడు, నాకది చాలు.

1980లో అర్జున అవార్డు వచ్చింది. ఆట మానాక టాటా ఫుట్‌బాల్ అకాడమీలో కుర్రాళ్లకు నేర్పారు. చివరికి సొంత ఊరు చేరి, మతిమరుపు జబ్బుతో తీసుకుని, 2023 ఆగస్టు 15న హైదరాబాద్‌లోనే కన్నుమూశారు. మిమ్మల్ని మీ ఊరికన్నా కోల్‌కతాయే బాగా గుర్తుంచుకుంది. క్రికెటర్ల పుట్టినరోజులు అప్పజెప్పే మనవాళ్లకు మీ పేరు చెబితే ఏ హబీబ్ అని అడుగుతారు.

అలా అడిగినవాళ్లకు నేను 1976 కోల్‌కతా లీగ్ మ్యాచ్ కథ చెబుతాను. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ ముఖాముఖి. విజిల్ ఊదారు. ఎడమ వైపు నుంచి మీ మోహన్ బగాన్ జట్టు ఆటగాడు ఉలగనాథన్ బంతిని గాల్లోకి లేపాడు. మీరు తలతో దించారు. అక్బర్ గోల్లోకి కొట్టారు. మొత్తం 17 సెకన్లు. అన్న తల, తమ్ముడి కాలు. ఆలస్యంగా వచ్చినవాళ్లు ఇంకా కూర్చునే చోటు వెతుక్కుంటూనే ఉన్నారు. ఈస్ట్ బెంగాల్ మిగతా ఆటంతా మొత్తుకుంది, స్కోరు మాత్రం 1-0 దగ్గరే ఉండిపోయింది.