సుద్దగీతతో సరిచేసిన మీటరు

లారీకి 9.00-20 టైర్లు తీసి 10.00-20 వేస్తే స్పీడోమీటరు తక్కువ చూపుతుంది. అది లెక్కపెట్టేది గేర్‌బాక్స్ షాఫ్టు తిరిగిన చుట్లనే. పెద్ద టైరు ఒక్కో చుట్టుకు 3 శాతం పైనే ఎక్కువ దూరం పోతుంది. ముల్లు 60 చూపితే బండి 62 మీద ఉంటుంది. తిరిగిన కిలోమీటర్లు కూడా తక్కువే నమోదవుతాయి కాబట్టి మైలేజీ పడిపోయినట్టు కనబడి, డీజిల్ కాజేశాడన్న నింద డ్రైవరు మీద పడుతుంది.

ఆ నింద తప్పించే పుట్టపర్తి మెకానిక్ అంటే నాకు గౌరవం. లోడు ఉండగానే టైరుకు సుద్దగీత పెట్టి, ఒక చుట్టు దొర్లించి, నేల మీద టేపు పట్టి కొలుస్తాడు. బరువుకు టైరు అణుగుతుంది కాబట్టి కంపెనీ అంకె ఒక్కటే చాలదు. కేబుల్ మీటరైతే పళ్లు తక్కువున్న పినియన్ వేస్తాడు. సెన్సరు బండికి కొత్త కొలత ఎక్కిస్తాడు. ఎండ ఎంత మండినా, కొత్తచెరువు రోడ్డు మీద కిలోమీటరు రాళ్లతో సరిచూడందే తాళం తిరిగివ్వడు.